తుపాకీకి ఖాతా ఉంది, జాడ తీసినవాడికి పేరు లేదు



స్కాట్లండ్‌లో తయారైన పాత రెండు గొట్టాల వేట తుపాకులను ఎంతో ఖర్చుపెట్టి సేకరించేవాళ్లు నేటికీ ఉన్నారు. వాటి కథ మనకెందుకని అనుకోకండి. అందులో మన పూర్వీకుల కథ కూడా ఉంది.

పూర్వం చెకుముకి రాయి నిప్పురవ్వతో తుపాకీ పేలేది. ఆ మెరుపు చూసి పిట్టలు ఎగిరిపోయేవి. స్కాట్లండ్‌లోని బెల్‌హెల్వీ పల్లెలో పాస్టరుగా ఉన్న అలెగ్జాండర్ ఫోర్సిత్, దెబ్బ తగలగానే అంటుకునే మందుతో కొత్త పద్ధతి కనిపెట్టి 1807లో పేటెంటు పొందాడు. తర్వాత వచ్చిన రాగి టోపీల తుపాకులకు అదే మూలం. 1880లలో ఎడిన్‌బరోలోని జాన్ డిక్సన్ అండ్ సన్ కంపెనీ చేసిన ‘రౌండ్ యాక్షన్’ తుపాకీ సన్నగా, తేలికగా ఉండి పేరు తెచ్చుకుంది.

సేకరించేవాళ్లు ముఖ్యంగా చూసేది తుపాకీ మీది నంబరు. కంపెనీ ఖాతా పుస్తకంలో ఆ నంబరు వెతికితే, అది ఏ ఏడాదిలో ఎవరి కోసం తయారైందో తెలుస్తుంది. ఇనుప వస్తువుకు కూడా వంశవృక్షం ఉందన్నమాట.

మరి ఆ తుపాకులు పట్టిన దొరల వెంట నడిచినవాళ్ల మాటేమిటి? అడుగుజాడ పట్టింది, నీటి చెలమ చూపింది, డప్పు కొట్టి జంతువును తోలింది అడవి తెలిసిన స్థానికులే. వేట ఫొటోల్లో దొర పేరు ఉంటుంది, పక్కన నిలబడినవాళ్లకు పేరుండదు. మన పక్కనున్న ఏనుగు మల్లమ్మ కొండ కూడా అంతే. కడప కలెక్టరు హార్స్‌లీ అక్కడ బంగళా కట్టుకున్నాక హార్స్‌లీ హిల్స్ అయింది.

మనవాళ్ల పేర్లు ఒకచోట మాత్రం రాశారు. 1878 ఆయుధ చట్టం భారతీయులకు లైసెన్సు తప్పనిసరి చేసి, యూరోపియన్లకు చాలాకాలం మినహాయింపునిచ్చింది. 1911 నేరస్థ తెగల చట్టం కింద మద్రాసు రాష్ట్రంలో ఎరుకలవారిని, మరెన్నో సమూహాలను పుట్టుకతోనే నేరస్థులన్నారు. పేర్లు, వేలిముద్రలు పోలీసు రిజిస్టర్లలోకి ఎక్కించారు. 1952లో గానీ దేశమంతటా ఆ మచ్చ చట్టం నుంచి తొలగలేదు. తుపాకీకి గౌరవంగా ఖాతా రాసిన కాలమే మనిషికి అవమానంగా రిజిస్టరు రాసింది.

పిల్లలూ, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది. లైసెన్సు లేని నాటు తుపాకీ ఇంట్లో ఉన్నా నేరమే. సరదాకైనా దాని జోలికి పోకండి, మళ్లీ ఆ పాత ముద్ర మన మీద పడనివ్వకండి.

మీరు సేకరించవలసింది వేరే ఉంది. అవ్వాతాతల దగ్గర కూర్చుని వాళ్ల పెద్దల పేర్లు, కుంటల పేర్లు, ఉచ్చుల పేర్లు, జాడ చూసి జంతువును గుర్తుపట్టే తీరు అడగండి. సెల్‌ఫోనులో రికార్డు చేసి నోటుపుస్తకంలో రాయండి. పేరు ఊరు, తేదీ తప్పకుండా వేయండి. ఈసారి మన ఖాతా పుస్తకం మనమే రాసుకుందాం.