సాంగ్రీ కూర, సర్కారు తుమ్మ, ఒక ఎడారి నడక

జంషెడ్‌పూర్‌ను ఆనుకుని ఉన్న జుగ్సలాయిలో మార్వాడీ కుటుంబాలు తరతరాలుగా ఉంటున్నాయి. రాజస్థానీల ఇష్టమైన కేర్‌ సాంగ్రీ కూరలో సాంగ్రీ అంటే ఖేజ్రీ చెట్టు కాయ. ఆ ఖేజ్రీయే మనం దసరాకు పూజించే జమ్మి. ఇలాంటి ఎడారి మొక్కల లోకాన్ని సందర్శకులకు నడిపించి చూపే చోటు జోధ్‌పూర్‌లో ఉంది. మెహ్రాన్‌గఢ్‌ కోటను ఆనుకున్న రావ్‌ జోధా ఎడారి శిలా ఉద్యానం అది.

2006లో పని మొదలైనప్పుడు అక్కడి 72 హెక్టార్ల రాతినేలను జమ్మికి దాయాది అయిన సర్కారు తుమ్మ కమ్మేసి ఉంది. 1930ల్లో జోధ్‌పూర్‌ మహారాజు దాని విత్తనాలను విమానం నుంచి చల్లించారని చెబుతారు. పైపైన నరికితే మళ్లీ చిగురించే మొండి చెట్టు. రాతి బీటల్లోకి దిగిన వేళ్లను తీయడానికి చివరికి ఖండ్‌వాలియాలే దిక్కయ్యారు. ఇసుకరాయి గనుల్లో పనిచేసే వీరు సుత్తి దెబ్బ చప్పుడును బట్టి రాయి గుణం చెప్పగలరు. ప్రకృతి రచయిత ప్రదీప్‌ కృషెన్‌ ఆధ్వర్యంలో స్థానిక జాతులు నాటి, 2011లో ఉద్యానాన్ని తెరిచారు.

గైడ్‌తో నడిచేటప్పుడు పెద్దలకే చిక్కు ఎక్కువ. పచ్చగా ఉంటే అడవి, లేకుంటే బంజరు అన్న లెక్క వారిలో పాతుకుపోయి ఉంటుంది. వేసవిలో ఇక్కడి థోర్‌ జెముడు ఆకుల్లేక ఎండిన ముళ్లకుప్పలా కనిపిస్తుంది. వానలు పడితే చిగురిస్తుంది. ఏడాది పొడవునా పచ్చగా ఉండేది సర్కారు తుమ్మే, మన ఊళ్లలో పూడిన చెరువుల్లో ఉన్నట్టే.