మెదడులోని నీటి గదులు

చెన్నపురి సెంట్రల్ స్టేషనుకు చేరువనున్న పెద్దాసుపత్రిని ఎరుగని తెలుగువా రుండరు. నెల్లూరు, చిత్తూరు సీమలనుండి వచ్చి, రైలు దిగినంతనే అచ్చటికి నడచిన రోగు లెందరో! 1664లో కోటయందు పుట్టిన ఆ వైద్యశాలలో 1950లో డాక్టరు బి. రామమూర్తిగారు మెదడు శస్త్రచికిత్సా విభాగమును ప్రారంభించిరి. మరుసటి యేట ఈ నగరముననే న్యూరలాజికల్ సొసైటీ ఆఫ్ ఇండియా స్థాపింపబడెను.

మెదడనగా గట్టి ముద్ద యని మేము తలచెడివారము. అది సరికాదు. లోపల నాలుగు కోష్ఠములు కలవు. అర్ధగోళమున కొక్కటి చొప్పున రెండు, నడుమ మూడవది, వెనుకదిక్కున, క్రిందుగా నాలుగవది. పై రెండింటినుండి మూడవదానికి మన్రో రంధ్రములు, అచ్చటినుండి నాలుగవదానికి సిల్వియసు పేరిటి సన్నని కాలువ దారులు. ఈ గదులలోని రక్తనాళపు కుచ్చులు దినమునకు ఇంచుమించు 500 మిల్లీలీటర్ల తేటనీటిని ఊరించును. మెదడు, వెన్నుపాములయందు ఒక్కసారికి నిలుచునది 150 మాత్రమే. తక్కినది రక్తమున కలిసిపోవుచుండును. ఏండ్లతరబడి జమాఖర్చులు వ్రాసిన మాకు ఈ లెక్క చక్కగా బోధపడినది.

పూర్వపు ఐరోపా పండితులు ఊహ, వివేకము, జ్ఞాపకము ఈ గదులలోనే కాపురముండునని నమ్మిరి. వెయ్యేండ్లు ఆ మాటయే చెల్లెను. 1500 తరువాత కొలదికాలమునకు లియొనార్డో డావిన్సీ ఎద్దు మెదడులోనికి కరగిన మైనమును ఎక్కించి, అచ్చు తీసి, గదుల నిజరూపమును కనుగొనెను. మన కంచరివారు చూచిన నవ్వుకొనియుందురు! 1918లో అమెరికాలో వాల్టరు డాండీ గదులలోని నీటికి బదులుగా గాలి నెక్కించి ఎక్సురే తీసెను. 1971లో లండనులో సి.టి. స్కాను వచ్చువరకు శస్త్రవైద్యుల ముఖ్యసాధనములలో అది యొకటి.

సన్నని కాలువ మూసుకొనిపోయినచో నీరు ఊరుట ఆగదు, గదులుబ్బును, పసిబిడ్డ తల పెరుగును. పుట్టినపుడు ఇంచుమించు 35 సెంటీమీటర్లుండు తలచుట్టు కొలత ఏడాదికి 46 దరిదాపులకు వచ్చుట సహజము. మా మనుమరాలి తల నాలుగవ నెలలోనే పెద్దదగుచుండగా, మేధావి కాగలదని మురిసితిమి, దిష్టియు తీయించితిమి. టేపుతో కొలిచిన నర్సమ్మ హెచ్చరించిన పిమ్మటను, శస్త్రచికిత్సకు జంకి, రెండు మాసములు జాగుచేసితిమి. ఆ జాగు మాదే. తుదకు కోష్ఠమునుండి చర్మము క్రిందుగా కడుపులోనికి గొట్టమమర్చిరి. ఇప్పు డామెకు ఆరేండ్లు. మాటకారి, చదువులోను చురుకు. నడక మాత్రము ఆలస్యముగా వచ్చినది. జడ వేయునపుడు చెవి వెనుక ఆ గొట్టము మా వ్రేళ్ళకు తగులుచుండును.