లూధియానా ఉక్కు, తైచుంగ్ కార్బన్

జర్మనీలోని కోబ్లెంజ్ నగరానికి చెందిన కాన్యన్ సంస్థ 1985లో సైకిల్ విడిభాగాలు అమ్మే కుటుంబ వ్యాపారంగా మొదలైంది. తరువాత సొంత పేరుతో సైకిళ్లు తెచ్చింది. ఇంటర్నెట్ విస్తరించాక దుకాణదారుడిని పక్కకు తప్పించి, కొనుగోలుదారుడి ఇంటికే పెట్టె పంపడాన్ని తన వ్యాపార పద్ధతిగా మార్చుకుంది. కొనేవాడు ఇంట్లో గోడకు ఆనుకుని నిలబడి, కాలి లోపలి పొడవును టేపుతో కొలుచుకుని, పట్టికలో తన సైజు వెతుక్కోవాలి. పెట్టె వచ్చాక హ్యాండిల్, సీటు, ముందు చక్రం తానే బిగించుకోవాలి. బోల్టును ఎంత బలంతో తిప్పుతున్నదీ చూపే ప్రత్యేకమైన పానా అందుకు అవసరం. అతిగా బిగిస్తే ఉక్కు సర్దుకుంటుంది, కార్బన్ పగులుతుంది. ఆ పగులు ఒక్కోసారి కంటికి కనిపించదు కూడా. అన్నీ సరిగా కుదిరితే తయారయ్యే వాహనం బరువు ఏడెనిమిది కిలోలు. పోటీల్లో వాడే సైకిల్ 6.8 కిలోలకు తగ్గరాదని 2000 సంవత్సరం నుంచి అంతర్జాతీయ సమాఖ్య నిబంధన పెట్టవలసి వచ్చింది.

పెట్టె మీద యూరప్ పేరు ఉన్నా, ఇటువంటి ఫ్రేములలో అత్యధిక భాగం తయారయ్యేది తైవాన్‌లో, చైనాలో. ప్రపంచంలో చైనా తరువాత అత్యధికంగా సైకిళ్లు తయారుచేసే దేశం భారత్. అయినా తెల్లవారుజామున హైదరాబాద్, బెంగళూరు, పుణె రోడ్ల మీద దూసుకుపోయే కార్బన్ సైకిళ్లలో దాదాపు అన్నీ దిగుమతి సరుకే. దీనిని సంపన్నుల మోజుగా కొట్టిపారేయడం తేలిక. కానీ కోట్ల సైకిళ్లు చేసిన దేశం ఈ ఒక్క సైకిల్‌ను ఎందుకు చేయలేకపోయిందన్న ప్రశ్న ఆ మోజు కంటే చాలా పాతది.

వలస పాలనలో సైకిల్ అంటే ఓడ దిగిన ఇంగ్లిష్ సరుకు. రాలీ, హంబర్, హెర్క్యులిస్, బీఎస్ఏ పేర్లు పల్లెలకూ చేరాయి. పెళ్లిలో అలకపాన్పు ఎక్కిన అల్లుడు వాచీతో పాటు సైకిల్ కూడా అడిగేవాడు. మునిసిపాలిటీ పన్ను కట్టి బిళ్ల తగిలించుకోవాలి. రాత్రి దీపం లేకుండా తొక్కితే పోలీసు ఆపేవాడు. కొనలేనివారికి గంటల లెక్కన అద్దెకిచ్చే సైకిల్ షాపు ఉండేది. సైకిల్ అప్పట్లో ఉద్యోగికి, ఉపాధ్యాయుడికి, కాస్త భూమి ఉన్న రైతుకు హోదా.

స్వాతంత్ర్యం తరువాత విదేశీ మారకద్రవ్యాన్ని పొదుపు చేయవలసిన ప్రభుత్వం దిగుమతులకు కళ్లెం వేసింది. దాంతో బ్రిటిష్ సంస్థలే ఇక్కడికి తరలివచ్చాయి. రాలీ భాగస్వామ్యంతో బెంగాల్‌లోని అసన్సోల్‌లో సెన్-రాలీ, ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్‌తో కలిసి మద్రాసు శివార్లలోని అంబత్తూరులో మురుగప్ప వారి టీఐ సైకిల్స్ వెలిశాయి. 1951లో సోనీపత్‌లో జానకీదాస్ కపూర్ అట్లాస్‌ను ప్రారంభించారు. వీటన్నిటికంటే ఆసక్తికరమైనది లూధియానా కథ. నేటి పాకిస్తాన్‌లోని కమాలియా నుంచి వచ్చిన ముంజాల్ సోదరులు మొదట అమృత్‌సర్‌లో, ఆ తరువాత లూధియానాలో విడిభాగాల వ్యాపారం చేశారు. 1956లో వారి హీరో సైకిల్స్‌కు ఏడాదికి 7,500 సైకిళ్లు చేసుకునే లైసెన్సు దొరికింది. ముప్పై ఏళ్లకు, 1986లో, అది ప్రపంచంలోనే అతిపెద్ద సైకిల్ తయారీ సంస్థగా గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. ఇల్లూ ఊరూ పోగొట్టుకున్న శరణార్థుల చేతుల్లో, చిన్న చిన్న కొలిముల మధ్య జరిగిన ఈ ఎదుగుదల స్వతంత్ర భారత పారిశ్రామిక చరిత్రలో నిజమైన విజయాల్లో ఒకటి. లైసెన్సు రాజ్యాన్ని తిట్టేటప్పుడు దీనిని మరచిపోవడం ఉదారవాద వ్యాఖ్యాతలకు అలవాటు.

ఆ విజయానికి మరో ముఖం కూడా ఉంది. ఏడాదికి ఎన్ని చేయాలో ప్రభుత్వం నిర్ణయించేది. ఉక్కు కోటాల మీద వచ్చేది. అనేక విడిభాగాల తయారీ చిన్న పరిశ్రమలకే కేటాయించి ఉండేది. విదేశీ పోటీ లేదు. ఈ నాలుగూ కలిసినచోట కొత్త నమూనా గీయవలసిన అవసరం తయారీదారుకు రాదు. ఇరవై కిలోల దాకా తూగే నల్లటి సైకిల్, కడ్డీ బ్రేకులు, వెనుక ఇనుప క్యారియర్ దశాబ్దాల పాటు పెద్దగా మారలేదు. పాలవాడికి, పోస్ట్‌మ్యాన్‌కు, బియ్యం బస్తా మోసేవాడికి సరిగ్గా అటువంటిదే కావాలి గనుక ఫిర్యాదు కూడా రాలేదు. ఉత్తరప్రదేశ్‌లో సమాజ్‌వాదీ పార్టీ, తెలుగునాట తెలుగుదేశం పార్టీ ఎన్నికల గుర్తుగా పెట్టుకున్నది ఈ సైకిల్‌నే. ఆ విధానం పాలవాడికి న్యాయం చేసింది, డ్రాయింగ్ బల్ల ముందు కూర్చోవలసిన ఇంజినీరుకు పని లేకుండా చేసింది.

తైవాన్ నడిచిన దారి వేరు. 1972లో కింగ్ లియు తైచుంగ్ ప్రాంతంలో స్థాపించిన జెయింట్ సంస్థ తొలుత ఇతరుల పేరు మీద సైకిళ్లు చేసి పంపేది. అమెరికాలో అతిపెద్ద బ్రాండైన ష్విన్‌కు 1980లో షికాగో కర్మాగారంలో సమ్మె ఎదురైంది. యాజమాన్యం ఆర్డర్లను తైవాన్‌కు మళ్లించింది. ఆ ఆర్డర్లతోనే జెయింట్ నైపుణ్యం నేర్చుకుంది, తరువాత సొంత పేరుతోనూ మార్కెట్లోకి దిగింది. ష్విన్ 1992లో దివాలా తీసింది. ఈ కథలో తరచూ విస్మరణకు గురయ్యే పాత్ర తైవాన్ ప్రభుత్వానిది. ప్రభుత్వ మద్దతుతో నడిచే పారిశ్రామిక సాంకేతిక పరిశోధన సంస్థ జెయింట్‌తో కలిసి కార్బన్ ఫ్రేము మీద పనిచేసింది. 1987లో వచ్చిన కాడెక్స్ పెద్ద ఎత్తున తయారైన తొలి కార్బన్ సైకిళ్లలో ఒకటి. అంటే అక్కడి ప్రభుత్వం చేతులు ముడుచుకుని కూర్చోలేదు. ఢిల్లీ సర్కారు ఎన్ని సైకిళ్లు చేయాలో లెక్కగడుతున్న కాలంలో తైపీ సర్కారు ఎటువంటి సైకిల్ చేయాలో ఆలోచించింది.

కార్బన్ ఫ్రేము తయారీ యంత్రాలకే వదిలిపెట్టగల పని కాదు. జిగురు పట్టించిన కార్బన్ వస్త్రాన్ని వందలాది ముక్కలుగా కత్తిరిస్తారు. ఏ ముక్క ఏ దిశలో, ఏ పొర మీద రావాలో పటం ఉంటుంది. కార్మికులు వాటిని చేత్తో ఒకదానిపై ఒకటి పేర్చి, అచ్చులో పెట్టి, లోపలి నుంచి గాలితో ఒత్తిడి ఇస్తూ వేడి చేస్తారు. పోచల దిశ మారితే అదే బరువులో బలం మారుతుంది. చేతిపని, ఓపిక, లెక్క ఈ మూడింటికీ లూధియానాలో కొదవ లేదు. కొరవడింది పదార్థం, దానిని పరిశ్రమకు చేర్చే వంతెన.

పదార్థం గురించిన జ్ఞానం మాత్రం దేశంలో ఉంది. హైదరాబాద్ రక్షణ ప్రయోగశాలల్లో 1980లలోనే కార్బన్ మిశ్రమాల మీద పని సాగింది. అంతరిక్షం అంచు నుంచి వాతావరణంలోకి తిరిగివచ్చే అగ్ని క్షిపణి ముక్కు వేల డిగ్రీల వేడిని తట్టుకోవాలి. 1989 మే 22న జరిగిన తొలి ప్రయోగం వెనుక ఆ కృషి ఉంది. కార్బన్ పోచ క్షిపణులకూ పనికొస్తుంది గనుక దాని ఎగుమతిపై సంపన్న దేశాలు ఆంక్షలు పెట్టాయి. క్షిపణి సాంకేతిక నియంత్రణ బృందంలో భారత్‌కు సభ్యత్వం దక్కింది 2016 జూన్‌లోనే. ఈలోగా ఒక చిన్న అద్భుతం జరిగింది. నిమ్స్ ఆస్పత్రి ఎముకల వైద్యుడు ఒకరు అబ్దుల్ కలాం ప్రయోగశాలకు వచ్చి, అగ్ని కోసం తయారైన పదార్థాన్ని చేత్తో ఎత్తి చూసి ఆశ్చర్యపోయారు. పోలియో సోకిన పిల్లలు మూడు కిలోలకు పైగా బరువున్న లోహపు కాలిపర్లను ఈడ్చుకుంటూ నడుస్తున్నారు. కొద్ది వారాల్లో వాటి స్థానంలో 300 గ్రాముల కాలిపర్లు తయారయ్యాయి. తన జీవితంలో గొప్ప సంతోషాల్లో ఒకటిగా కలాం దీనిని పలుమార్లు చెప్పుకున్నారు.

కంచన్‌బాగ్ నుంచి పంజాగుట్టకు వేసిన ఆ దారి లూధియానా దాకా ఎందుకు సాగలేదు? ప్రయోగశాల రక్షణ శాఖది, సైకిల్ పరిశ్రమ వాణిజ్య శాఖ లెక్కల్లోది. ఒకరి మేజా మీది కాగితం మరొకరి మేజా మీదికి రావడం ఢిల్లీలో క్షిపణి ప్రయోగం కంటే కష్టం. సూరత్ సమీపంలోని హజీరాలో 20,000 టన్నుల సామర్థ్యంతో కార్బన్ ఫైబర్ కర్మాగారం పెడతామని రిలయన్స్ ప్రకటించింది 2022లో.

ఆ ఖాళీని ప్రభుత్వం సుంకంతో కప్పుతోంది. సైకిళ్ల మీద దిగుమతి సుంకాన్ని 2023 బడ్జెట్ 30 నుంచి 35 శాతానికి పెంచింది. 2025లో దానిని 20 శాతం సుంకం, 15 శాతం వ్యవసాయ సెస్సుగా విడగొట్టారు. పేరు మారింది, భారం అంతే ఉంది. దాని పైన జీఎస్టీ. 2025 సెప్టెంబరు దాకా అది 12 శాతం, ఇప్పుడు 5. సుంకం అనేది ఎదుగుతున్న పరిశ్రమకు గొడుగు అయితే సమర్థించవచ్చు. కానీ ఈ గొడుగు కింద చెప్పుకోదగ్గ కార్బన్ సైకిల్ పరిశ్రమే లేదు. మరోవైపు యూరప్ చైనా సైకిళ్లపై 48.5 శాతం యాంటీ డంపింగ్ సుంకం వేసింది. అందువల్ల తెరుచుకున్న తలుపులోంచి దూరి లాభపడింది బంగ్లాదేశ్. అత్యల్పాభివృద్ధి దేశానికి దక్కే సుంకం మినహాయింపుతో అది యూరప్‌కు ప్రధాన సైకిల్ ఎగుమతిదారుల్లో ఒకటైంది. సార్క్ రాజకీయంగా మంచాన పడినా, దక్షిణాసియా స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం కింద ఢాకా సైకిల్ భారత్‌లోకీ సుంకం లేకుండా వస్తోంది. లూధియానా ఇప్పుడు ఫిర్యాదు చేస్తున్నది దాని మీదే.

సుంకాలన్నీ కట్టి సొంతం చేసుకున్నవాడికి మిగిలే సమస్య రోడ్డు. సన్నటి టైరు, గట్టి ఫ్రేము భారతీయ పట్టణపు గుంతను దయగా చూడవు. చెడిపోతే మూలమీది పంక్చర్ షాపు పెద్దాయన వంకరపోయిన చక్రాన్ని కంటిచూపుతోనే సరిచేయగలడు గానీ, పగిలిన కార్బన్ ఫ్రేమును ముట్టుకోడు. వాహనాలను గాక మనుషులను కదిలించడం లక్ష్యమని 2006 జాతీయ పట్టణ రవాణా విధానం ప్రకటించింది. రెండేళ్లకే కోల్‌కతా పోలీసులు ప్రధాన రహదారులపై సైకిళ్లను నిషేధించడం మొదలుపెట్టారు. ఆ తరువాతి జాబితాలు ఇంకా పొడవయ్యాయి. 2011 జనగణన నాటికి దేశంలో దాదాపు 45 శాతం కుటుంబాలకు సైకిల్ ఉంది. కారున్న కుటుంబాలు ఐదు శాతానికి దరిదాపు. రోడ్డు మాత్రం ఎవరి కోసం వెడల్పు అవుతూ వచ్చిందో చెప్పనక్కరలేదు. హైదరాబాద్ బాహ్యవలయ రహదారి పక్కన సౌర ఫలకాల నీడలో 23 కిలోమీటర్ల సైకిల్ దారిని 2023 అక్టోబరులో తెరిచారు. అందమైన దారే. అక్కడికి చేరడానికి చాలామంది సైకిల్‌ను కారు వెనుక కట్టుకుని వస్తారు.

సుదూర సైకిల్ యాత్రికులు పవిత్రంగా భావించే పారిస్-బ్రెస్ట్-పారిస్ పరుగు దూరం 1,200 కిలోమీటర్లు, గరిష్ఠ గడువు 90 గంటలు. కార్బన్ సైకిళ్లతో భారతీయులూ నాలుగేళ్లకోసారి అక్కడికి వెళుతున్నారు. 2020 మే నెలలో, లాక్‌డౌన్‌లో, గాయపడిన తండ్రిని వెనుక క్యారియర్ మీద కూర్చోబెట్టుకుని ఒక పదిహేనేళ్ల బాలిక గురుగ్రామ్ నుంచి బిహార్‌లోని దర్భంగా దాకా తొక్కిన దూరం కూడా దాదాపు 1,200 కిలోమీటర్లే. అది పాత ఉక్కు సైకిల్. సైక్లింగ్ సమాఖ్య ఆమెను ఢిల్లీకి పరీక్షకు రమ్మని పిలిచింది. ఆ వార్త పత్రికల్లో ఉండగానే, ప్రపంచ సైకిల్ దినోత్సవమైన జూన్ 3న, ఢిల్లీ పక్కనే సాహిబాబాద్‌లోని అట్లాస్ కర్మాగారం గేటుకు నోటీసు అంటించారు. ముడిసరుకు కొనడానికి కూడా డబ్బు లేదని, కార్మికులు ఇక పనికి రానక్కరలేదని అందులో ఉంది.