మహాసభ, మనస్సాక్షి: కాన్‌స్టాన్స్ నుంచి నంద్యాల దాకా

1378లో పాశ్చాత్య క్రైస్తవ లోకం రెండుగా చీలింది. రోములో ఒక పోపు, ఆవిన్యోనులో మరొక పోపు. ఈ చీలికను మాన్పబోయి 1409లో పీసా సభ మూడవ పోపును నిలబెట్టింది! చివరకు 1414లో కాన్‌స్టాన్స్ నగరంలో మహాసభ కూడింది. విశ్వాసానికి, చీలిక నివారణకు, సంస్కరణకు సంబంధించి పోపు సైతం సభకు లోబడవలసినదేనని 1415 ఏప్రిల్ 6న తీర్మానించింది. ముగ్గురిలో ఒకరు తప్పుకున్నారు; ఇద్దరిని సభే తొలగించింది. 1417లో ఐదవ మార్టిన్ అందరికీ పోపు అయ్యాడు.

దీనిని 'షూరా' అని తెనిగిద్దామా? షూరా అంటే సంప్రదింపు. 'ఇజ్మా' అందామా? అది విద్వాంసుల ఏకాభిప్రాయం. కాన్‌స్టాన్స్ సభ సంప్రదించడంతో ఆగలేదు. ఓటు వేసి తీర్పు చెప్పింది, శిక్షించింది కూడ. కనుక 'మహాసభ' అన్న మాటే తగినది.

ఆ శిక్షకు గురియైనవాడు బొహీమియా బోధకుడు యాన్ హుస్. సిగిస్మండ్ రాజు ఇచ్చిన అభయపత్రంతో వచ్చాడు. తన మాటలను వాపసు తీసుకొనడానికి మనస్సాక్షి ఒప్పలేదు. 1415 జూలై 6న అతనిని సజీవంగా దహనం చేశారు. ఫలితం? 1419 నుంచి పదిహేనేండ్ల యుద్ధం. తుదకు బాసెల్‌లో కూడిన తరువాతి మహాసభ ఆ హుస్ అనుచరులతోనే రాజీ కుదుర్చుకోవలసి వచ్చింది.

ఇదే ప్రశ్న మా పడమటి కర్నూలుకు పొరుగున ఉన్న నంద్యాలలోనూ లేచింది. దక్షిణ భారత క్రైస్తవ సంఘాల ఐక్యత కోసం 1919లో తరంగంబాడిలో మొదలైన చర్చలు 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఫలించాయి. నంద్యాల ఆంగ్లికన్లలో అత్యధికులు చేరలేదు. బిషప్పు హస్తనిక్షేపం పొందని పాదిరీల సేవను అంగీకరించడానికి వారి మనస్సు ఒప్పలేదు. వారుండిన దోర్నకల్ మండలానికి బిషప్పు వి. ఎస్. అజరయ్య ఐక్యతకు ముందు నడిచినవాడే. 1945లో ఆయన మరణించారు. ఆయన మాట సైతం వారిని కదిలించలేదు.

అయినను ఈసారి చితి పేర్చినవారు లేరు. అలవాటులేని బోధకుడిని, ఆరాధనను ఏ సంఘంపైనా దాని మనస్సాక్షికి విరుద్ధంగా రుద్దబోమని ఐక్య సంఘం తన నిబంధనలలోనే మాట ఇచ్చింది. నంద్యాలవారు 1963లో ప్రత్యేక మండలమయ్యారు. 1970లో ఉత్తర భారత సంఘంలో ఉన్నారు. 1975లో దక్షిణ భారత సంఘంలో చేరారు. ఐక్యత చర్చలకు ఇరవై ఎనిమిదేండ్లు పట్టగా, నంద్యాల రాకకు మరో ఇరవై ఎనిమిదేండ్లు పట్టింది.

ఎడబాటు ఇరువైపులా బాధ పెట్టే ఉంటుంది. కాని కాదన్నవానికి కాలం ఇవ్వడం కూడ సభాధికారంలో భాగమే. ఆ భాగాన్ని కాన్‌స్టాన్స్ మరచిపోయింది.