గింజ మనది, డబ్బా పరాయిది



సాయంత్రం బడినుంచి వచ్చిన పిల్లలు ఉత్త పాలు తాగమని మారాం చేస్తారు. అందులో రెండు చెంచాల గోధుమరంగు పొడి కలిపి ఇస్తే గ్లాసు క్షణంలో ఖాళీ! మా ఇంట్లోనూ ఇదే తంతు. ఒకరోజు తీరిగ్గా కూర్చుని ఆ డబ్బామీది అక్షరాలు చదివాను. ముందు వరసలో మాల్టు, పంచదార. కోకో వంతు ఆ తరువాతే. ఇన్నాళ్ళూ కోకో తాగిస్తున్నాననుకుని మురిసిపోయానే! మరి అసలు కోకో సంగతేమిటి? ఈవేళ ఆ కథే చెప్పుకుందాం.

కోకో పుట్టిల్లు అమెరికా ఖండం. మెక్సికోలోని ఆజ్టెక్కులు గింజల్ని వేయించి, రాతిమీద నూరి, నీళ్ళలో కలిపి, మిరపకాయ కూడా చేర్చి తాగేవారు. పంచదార వాళ్ళెరుగరు. మనం కాఫీ తిరగబోసినట్లే ఒక పాత్రలోంచి మరో పాత్రలోకి ఎత్తి పోసి నురగ తెప్పించేవారు. ఆ గింజలే వాళ్ళకు సంతలో చిల్లర డబ్బులు కూడా! స్పెయిన్ వాళ్ళు దాన్ని ఐరోపాకు తీసుకుపోయాక పంచదార కలిసింది. 1828లో హాలండులో వాన్ హూటెన్ అనే ఆయన గింజలోని కొవ్వును పిండే యంత్రానికి హక్కు పొందాడు. కొవ్వు తీయగా మిగిలిన పిండిని పొడి చేస్తే అదే మన కోకో పొడి. తరువాత ఆ పొడికి క్షారం కలిపి నల్లగా, మెత్తని రుచిగా చేసే పద్ధతి కూడా వచ్చింది. ఆ క్షారం తగలనిదే సహజమైన కోకో. రంగు కొంచెం లేత, రుచిలో చేదుతోపాటు చిన్న పులుపు.

ఇక ఆఫ్రికాలోని ఘనాకు వెళ్దాం. అప్పట్లో దాన్ని గోల్డ్ కోస్ట్ అనేవారు, ఇంగ్లీషువాళ్ళ పాలనలో ఉండేది. టెట్టే క్వార్షీ అనే కమ్మరి పనికోసం ఫెర్నాండో పో దీవికి వెళ్ళి, తిరిగి వస్తూ కోకో గింజలు తెచ్చి, 1879లో మాంపాంగ్‌లో నాటాడు. చూస్తూండగానే కొండప్రాంతాలన్నీ కోకో తోటలయ్యాయి. 1911 నాటికల్లా ప్రపంచంలో అందరికన్నా ఎక్కువ కోకో పండించే దేశం అదే! కాయలు కొట్టి, గింజల్ని అరటాకుల్లో కప్పి పులియబెట్టి, చాపలమీద ఎండబెట్టే ఆ చాకిరీలో ఆడవాళ్ళ చెయ్యి ఎంతో ఉంది. కాని గింజను పొడిగా మార్చే ఫ్యాక్టరీలన్నీ సముద్రానికి అవతలే. బస్తాలు ఓడెక్కేవి. పండించిన ఇల్లాలికి దాని రుచి తెలియదు.

1937లో ఏం జరిగిందంటే, కొనే ఐరోపా కంపెనీలు దాదాపు అన్నీ ఏకమై, పోటీ పడకుండా కొనాలని తమలో తాము ఒప్పందం చేసుకున్నాయి. ధర పడిపోయింది. రైతులు ఊరుకున్నారా? "మా గింజ అమ్మం, మీ సరుకు కొనం" అని భీష్మించుకున్నారు. అచ్చం మన స్వదేశీ ఉద్యమంలాగే! నెలల తరబడి సరుకు కదలలేదు. చివరికి ప్రభుత్వం విచారణ సంఘాన్ని వేస్తే, 1938లో ఆ సంఘం కంపెనీల ఒప్పందాన్నే తప్పుపట్టింది. రైతులది ఎంత గట్టి పట్టుదలో చూడండి. అయితే ఒక్క లోటు మాత్రం ఉండిపోయింది. అమ్మకుండా దాచుకోగలిగారుగాని ఆ గింజతో ఇంట్లో చేసుకునేదేమీ లేదు. వడ్ల బస్తాలున్న రైతుకు కనీసం అన్నమైనా ఉంటుంది కదా!

1957లో ఘనాకు స్వాతంత్ర్యం వచ్చింది. 1960లలో తేమా రేవుపట్టణంలో వాళ్ళ సొంత కోకో ఫ్యాక్టరీ వెలిసింది. ఇప్పుడు అక్కడ పంచదార కలపని సహజమైన కోకో పొడి పొట్లాల్లో దొరుకుతుంది. వేడినీళ్ళలో కలుపుకుని తాగేవాళ్ళున్నారు. అయినా నేటికీ అక్కడి పంటలో చాలాభాగం గింజగానే ఓడెక్కుతోంది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మన గోదావరి జిల్లాల కొబ్బరితోటల్లో, ఏలూరు చుట్టుపక్కల ఆయిల్‌పామ్ తోటల నీడలో ఇప్పుడు కోకో విరగకాస్తోంది. దేశంలో ఎక్కువ కోకో పండేది మన ఆంధ్రప్రదేశ్‌లోనే. 2025లో ధర పడిపోయి, కొనేవాళ్ళు లేక మన రైతులూ రోడ్డెక్కారు. ఘనా కథ మన గుమ్మంలోకి వచ్చినట్లే కదూ! పొరుగున కర్ణాటకలో 1973లో మొదలైన క్యాంప్కో అనే రైతుల సహకార సంఘం, 1986లో పుత్తూరులో సొంత చాక్లెట్ ఫ్యాక్టరీ పెట్టుకుంది. మార్గం లేకపోలేదన్నమాట.

మరి మనవంతు? పొట్లంమీద "కోకో పొడి" అన్న ఒక్క దినుసే ఉందా, మన దేశపు గింజేనా అని చూసి కొనండి. కప్పుకి ఒక చెంచా పొడి వేసి, ముందు కొద్దిగా వేడినీళ్ళతో ఉండలు లేకుండా ముద్దలా కలపండి. పైన మరుగుతున్న పాలు పోసి, తిరగబొయ్యండి. బెల్లం కావాలంటే పాలు విరగకుండా దించాక, గోరువెచ్చగా ఉన్నప్పుడు వెయ్యండి. నేనైతే చిటికెడు యాలకులపొడి వేస్తాను. ఇది రోగాలు కుదిర్చే మందని చెప్పను. పైగా కాఫీలోలాగా దీనిలోనూ కొంచెం ఉత్తేజం కలిగించే గుణం ఉంది కనుక పిల్లలకు రాత్రిపూట ఇవ్వకండి.

మొదటి గుక్క చేదనిపిస్తుంది. మావాడూ ముఖం చిట్లించాడు. నాలుగో రోజుకి, "అమ్మా, ఆ గోదావరి కోకో ఏదీ?" అని వాడే అడిగాడు.