కట్టినవారూ, కాచినవారూ

చెరువు తవ్వించిన రాజు పేరు శాసనంలో వుంటుంది. ఆ సందర్భంలో భూమిని దానంగా పుచ్చుకున్నవాని గోత్రం కూడా వుంటుంది. ఏటేటా కట్టమీద మన్ను పోసినవాడూ, తూము ఎత్తి దించి చివరి మడిదాకా నీరు పారించిన నీరటికాడూ ఆ రాతిమీద కనిపించరు. మన చరిత్రకారులు కాకతీయుల చెరువులను గురించి ఎంతో రాసినారు. చెరువుపనిని గురించి రాసింది తక్కువ. అయితే చెరువును కట్టి కాపాడేవారికి దశబంధ మాన్యాలిచ్చినట్టు ఆ శాసనాలే చెబుతున్నవి. కట్టటం ఒక పని, కాపాడటం మరొక పని అనీ, రెండవదానికి కూడా ఖర్చు వుంటుందనీ ఆనాటివారికి తెలుసునన్నమాట.

సిద్దిపేటలో తెలుగు పాఠాలు చెప్పుకునే నేను ఈ మాట ఎత్తుకున్నది కోమటిచెరువు కోసం కాదు, కంప్యూటరులోని తెలుగు కోసం. నా ఎం.ఫిల్. సిద్ధాంతవ్యాసాన్ని ఒక డి.టి.పి. కేంద్రంలో టైపు చేయించినాను. అక్కడ వాడినవి ఒక సంస్థ అమ్మే అక్షరాలు. కొన్నేళ్లకు ఆ ఫైలును మరొక యంత్రంలో తెరిస్తే పేజీలకు పేజీలు అర్థంలేని రోమను గుర్తుల కుప్పగా కనిపించినవి. రాసింది నేను, రాత మాత్రం నాది కాదు. ఆ సంస్థ తాళం తీస్తేనే నా వాక్యం నేను చదువుకోగలను. సొంత నేలమీద కౌలుదారు కావటమంటే ఏమిటో తెలంగాణావారికి వేరే చెప్పనక్కరలేదు.

ఈ తాళాన్ని తీసినవారెవరు? ప్రభుత్వం ఏమీ చేయలేదనటం అన్యాయం. 1980లలో ప్రభుత్వ సంస్థలు భారతీయ లిపులకు ఇస్కీ అనే సంకేతావళిని తయారుచేసినవి. 1991లో వెలువడిన యూనికోడు ప్రమాణంలో తెలుగుకు దొరికిన చోటు దాని పునాదిమీదిదే. కాని ప్రమాణం కాగితంమీద వున్నంతమాత్రాన అక్షరం తెరమీదికి రాదు. అందుకు వేల గంటల శ్రమ కావాలి. ఆ శ్రమలో పెద్ద భాగం జీతం లేకుండా చేసినవారిదే.

1990ల ఆరంభంలో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిషోర్ తెలుగును రోమను అక్షరాలలో రాసుకునే ఒక పద్ధతిని రూపొందించినారు. అదే ఆర్.టి.యస్. తరువాత తిరుమల కృష్ణ దేశికాచార్యులు ‘పోతన 2000’, ‘వేమన 2000’ అనే యూనికోడు అక్షరాలను తయారుచేసి వూరికే ఇచ్చివేసినారు. అవి డెబియన్ వంటి స్వేచ్ఛా వ్యవస్థలలోకి చేరినవి. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు నాంది పలికిన వెన్న నాగార్జునే, పత్రికలవారి రకరకాల సొంత అక్షరాలను యూనికోడుగా మార్చే ‘పద్మ’ను రాసినారు. 2006లో వీవెన్ ‘లేఖిని’ వచ్చింది. ఇంతలో హైదరాబాదు కేంద్రంగా ‘స్వేచ్ఛ’ సంస్థ ఇంజనీరింగు విద్యార్థులను కూడగట్టి, డెబియన్ ఆధారంగా ఒక తెలుగు నిర్వహణ వ్యవస్థనే తయారుచేసింది.

పోతన పేరు పెట్టటంలో దేశికాచార్యుల వుద్దేశమేమో గాని, అది తగిన పేరు. భాగవతాన్ని రాజులకు అంకితమివ్వని కవి అన్నది ఒక్కటే కారణం కాదు. మనకిప్పుడు దొరికే భాగవతం పోతన ఒక్కడిది కాదు. పంచమ స్కంధం గంగన పూరించినాడు, షష్ఠం ఏర్చూరి సింగన, చివరి రెండు స్కంధాలు వెలిగందల నారయ. ఎవరిది ఏ భాగమో గద్యలలో చెప్పుకున్నారు. ప్రోగ్రాము రాసేవారు తాము మార్చిన ప్రతి పంక్తికీ సంతకం పెట్టటం చూసినప్పుడు నాకు ఈ గద్యలే గుర్తుకు వస్తవి. మూలమెవరిదో, పూరణమెవరిదో తెలిసినప్పుడే సమష్టి రచన నిలుస్తుంది.

ఇవన్నీ దానధర్మాలని పొరబడరాదు. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ ప్రణాళికను ప్రకటించినప్పుడు ఆయన పట్టుకున్నది ఆస్తి ప్రశ్ననే. 1989 నాటి గ్నూ లైసెన్సు, కాపీహక్కు చట్టాన్నే తిరగేసి, ‘దీనిని ఎవరైనా వాడవచ్చు, మార్చవచ్చు, పంచవచ్చు, మార్చి పంచితే అదే హక్కు ఇతరులకూ ఇవ్వాలి’ అన్నది. 1998లో కొందరు ‘స్వేచ్ఛ’ అన్న మాట వ్యాపారులను బెదరగొడుతున్నదని ‘ఓపెన్ సోర్స్’ అనే మాట ఎత్తుకున్నారు. మాట మారటంతో కంపెనీలు వచ్చినవి, పంట పెరిగింది. పంటను కోసుకుపోయినవారంతా కట్టకు మన్ను పోసినారా అంటే, లేదు. 2014 ఏప్రిలులో హార్ట్‌బ్లీడ్ లోపం బయటపడినప్పుడు, లోకంలో బ్యాంకులూ వర్తకులూ నమ్ముకున్న ఓపెన్ ఎస్.ఎస్.ఎల్. అనే సాధనాన్ని వేళ్లమీద లెక్కపెట్టగల మనుషులు కొద్దిపాటి చందాలతో నడుపుతున్నారని తెలిసింది. 2024 మార్చిలో బయటపడిన ఎక్స్‌జెడ్ వుదంతం ఇంకా దారుణం. అక్కడ ఏళ్లతరబడి దాదాపు ఒంటరిగా పనిచేసి అలసిన నిర్వాహకుని పక్కన సహాయకుని వేషంలో చేరినవాడు, నమ్మకం సంపాదించి, లోపల దొంగదారి తవ్వినాడు.

పెత్తనం ఎవరిదన్నది మరొక ప్రశ్న. 1991లో లినక్స్ మొదలుపెట్టిన లినస్ టోర్వాల్డ్స్ మాటే అక్కడ నేటికీ చివరిమాట. డెబియన్‌లో అట్లా కాదు. ఏటా నాయకుణ్ణి ఓట్లతో ఎన్నుకుంటారు. పైథాన్ భాష సృష్టికర్త 2018లో విసిగి తప్పుకుంటే, ఆ పని ఎన్నికైన మండలి చేతికి వచ్చింది. ఏకవ్యక్తి నాయకత్వం పని మొదలుపెట్టడానికి పనికివస్తుంది, ఆ వ్యక్తి అలసిపోయిననాడు ఏమవుతుందన్నదే చిక్కు. మన తెలుగు పనులలో చాలా వాటికి ఒక మనిషే ఆధారం. 2017 నవంబరులో ఫైర్‌ఫాక్స్ 57 వెలువడినప్పుడు, పాత పద్ధతిలో రాసిన పొడిగింతలన్నీ ఒక్కసారిగా ఆగిపోయినవి. ‘పద్మ’ పుట్టింది ఆ పాత పద్ధతిలోనే. అటువంటి సాధనంలో ఏ తప్పూ లేదు. కింద నేల కదిలింది. నేల కదిలినప్పుడల్లా గోడ మళ్లీ కట్టుకునే మనుషులుండాలి.

ఇక్కడ మా తెలుగు అధ్యాపకుల సంగతి చెప్పక తప్పదు. తెరమీది మాటల అనువాదంలో గిడుగు కాలంనాటి తగాదా మళ్లీ నడిచింది, మేము చూడనే లేదు. బ్రౌజరును ‘విహారిణి’ అన్నారు. ప్రబంధనాయిక గుర్తుకు వస్తుంది. ఫైలును ‘దస్త్రం’ అన్నారు. తహసీలు కచేరీ చూసిన తెలంగాణా రైతుకు ఆ మాట కొత్తది కాదు, వాడికి కొత్త అయినది కంప్యూటరే. ఈ మాటలను నిర్ణయించినవారు పగలు వుద్యోగాలు చేసుకుని రాత్రిళ్లు కూర్చున్న ఇంజనీర్లూ విద్యార్థులూ. వారి తెలుగును వెక్కిరించటం సులభం. మనలో ఎందరం పది వాక్యాలు అనువదించి పంపినాం? 1934లో సురవరం ప్రతాపరెడ్డి తెలంగాణాలో కవులు లేరన్న నిందకు జవాబుగా 354 మంది కవిత్వంతో ‘గోలకొండ కవుల సంచిక’ తెచ్చినారు. పల్లెపల్లె నుంచి రచనలు రాబట్టి, ఒక వరుసలో పెట్టి అచ్చువేయటం సమన్వయ శ్రమ కాక మరేమిటి? ఆయన పేరుతో ఇప్పుడొక స్వేచ్ఛా తెలుగు ఫాంటు వున్నది, ‘సురవరం’ అని. సిలికాన్ ఆంధ్రా విడుదల చేసిన వాటిలో అదొకటి. ఆయన పనిని మాత్రం మనం ఎత్తుకోలేదు.

అందుకే మొన్న బి.ఏ. తరగతికి ఒక అనువాద ప్రాజెక్టులోని మాటలు కొన్ని తీసుకువెళ్లినాను. ‘సేవ్’కు ‘భద్రపరచు’ అని వుంది. వెనుక బల్లనుంచి ఒక అమ్మాయి లేచి, ‘సార్, మా ఇంట్ల వడ్లయినా పైసలైనా దాస్తం. దాచు అంటే సాలదా?’ అన్నది. తరగతి అంతా ఒప్పుకున్నది, నేనూ ఒప్పుకున్నాను. సూచన పంపబోతే తెలిసింది, ‘హైడ్’కు ఎవరో ఎప్పుడో ఆ మాటను వాడేసినారు. ఒకే తెరమీద రెండు ‘దాచు’లు కుదరవు. ఏది వుండాలో తేల్చవలసినవారు ఆ ప్రాజెక్టు తెలుగు సమన్వయకర్త. ఆ చోటు ఖాళీగా వున్నది. మా పిల్లలలో ఇద్దరు తాము చేస్తామని పేర్లిచ్చినారు.