ఆదిమ బద్దెపురుగులు

చేపల్లో బతికే బద్దెపురుగుల్లో ఖండాలు లేని, ఒళ్లంతా ఒకే ముక్కగా ఉండే వాటికి ఈ పేరు. మామూలు బద్దెపురుగులో ఖండానికొక జననాంగ సముదాయం. వీటిలో మొత్తానికి ఒక్కటే. నోరు, పేగు రెంటికీ లేవు, ఆహారం చర్మం గుండానే లోపలికి పోతుంది.

వీటిలో గైరోకోటిలిడియా, ఆంఫిలినిడియా అనే రెండు వర్గాలను పాత వర్గీకరణ సెస్టోడేరియా అనే ఉపతరగతిలో కలిపింది. రెంటి డింభకాలకూ 10 కొక్కేలు. తక్కిన బద్దెపురుగులకు 6. ఈ పోలిక చూసి ఒక గూటిలో పెట్టారు గానీ, ఇప్పుడు వేరువేరు శాఖలుగా చూస్తున్నారు. మొదటివి లోతు సముద్రపు కైమీరా చేపల పేగుల్లో, వెనక కొనన ఉన్న మడతల పువ్వులాంటి అంగంతో అంటుకుని ఉంటాయి. రెండోవి పేగులో కాక దేహకుహరంలో ఉంటాయి. సింహళ సముద్రపు డయాగ్రమా చేప నుంచి 1915లో సౌత్‌వెల్ వర్ణించిన జైగాంటోలినా మాగ్నా ఈ కోవదే.

నెల్లూరు చెరువుల్లో, కాలువల్లో కనిపించే మార్పు చేపకు పట్టేది మూడో వర్గం, కారియోఫిల్లిడియా. 1925లో మోఘే వర్ణించిన లైటోసెస్టస్ ఇండికస్ ఇందులోదే. దీని ఒంట్లో ముందు వృషణాలు, వెనక హెచ్ అక్షరంలాంటి అండాశయం, నడుమ గర్భాశయపు మెలికలు. సొనగ్రంథులు లోపలి నిలువు కండరాలకు వెలుపల ఉంటే లైటోసెస్టిడే కుటుంబం, లోపలుంటే కారియోఫిల్లెయిడే. ఇంత చిన్న తేడా మీద కుటుంబాలు విడదీయడం అతిగా తోస్తుంది గానీ, అడ్డకోత తీస్తే గుర్తు స్పష్టమే.

ఈ వర్గపు పురుగుల గుడ్లను బురదలోని సన్నని వానపాము జాతులు మింగుతాయి, వాటిని చేప తింటుంది. ఈ వర్గం మనుషులకు సోకదు.